బూట్ అయిన అర నిమిషానికి ఎస్‌డీ కార్డ్ పోతోందా? రెగ్యులేటర్ చూడు

బ్రో, ఆర్‌కే808 పీమిక్ (బోర్డులో పవర్ పంచే చిప్) ఉన్న బోర్డు బాగానే బూట్ అయ్యి సరిగ్గా అర నిమిషానికి ఎస్‌డీ కార్డ్ మాయమవుతోందన్నావు కదా, కార్డ్ తప్పు కాదది, లినక్స్ కెర్నెల్ లేచాక ఓ 30 సెకన్లు చూసి ఎవరూ వాడట్లేదనుకున్న రెగ్యులేటర్లన్నీ (ఒక్కో భాగానికి సరైన వోల్టేజీ ఇచ్చే సర్క్యూట్లు) ఆపేస్తుంది. నువ్వు పెట్టిన లాగ్‌లో "వీసీసీ_ఎస్‌డీ: డిసేబ్లింగ్" అన్న లైను అదే. డివైస్ ట్రీలో (బోర్డులో ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కి చెప్పే ఫైల్) ఎల్‌డీఓ, అంటే ఆ రెగ్యులేటర్‌ని రాశావు గానీ ఎస్‌డీ నోడ్‌లో వీఎంఎంసీ-సప్లై (కార్డ్‌కి పవర్ ఏ రెగ్యులేటర్ ఇస్తుందో చెప్పే లైను) ఇవ్వలేదు, మరి ఆ పవర్ ఎవరికో కెర్నెల్‌కి ఎలా తెలుస్తుంది? ఆ ఒక్క లైను కలుపు చాలు. రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్ పెట్టినా నడుస్తుంది గానీ నాకు నచ్చదు, కార్డ్ లేకున్నా ఆ పవర్ ఆన్‌లోనే ఉండిపోతుంది. వోల్టేజీ మైక్రోవోల్టుల్లో రాయాలి, 3.3 అంటే 3300000, సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టు. వీక్యూఎంఎంసీ-సప్లైని (కార్డ్ సిగ్నల్ లైన్ల వోల్టేజీ) మాత్రం 3.3కే కట్టేయకు, 1.8కి దిగనివ్వకపోతే కార్డ్ యూహెచ్‌ఎస్ అనే వేగమైన మోడ్‌కి ఎక్కదు.