బోర్డు చెక్కుడు పనిలోకి దిగుతున్న అల్లుడికి

అల్లుడూ,

అనంతపురంలో సైన్‌బోర్డుల షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, షీటు మీద అక్షరాలు చెక్కే రౌటర్ మిషన్‌కి అడ్వాన్సు కూడా కట్టేశావంట. కట్టినాక ఇంక మిషన్ గురించి నేనేం మాట్లాడను. దాని కింద పెట్టే షీటు గురించి, దాని మీద చెక్కే అక్షరం గురించి చెప్తా.

బేరం మొదలుపెట్టే ముందే బోర్డు ఎక్కడ పెడతారో అడుగు. ఎండీఎఫ్ (చెక్కపీచు నొక్కి చేసే షీటు) చెక్కడానికి సుఖం, పూజగది తలుపుకో హాల్లో సీలింగ్ అంచుకో బాగుంటుంది, బయట పెడితే మాత్రం వాన తగలగానే అంచులు ఉబ్బుతాయి. బయటికి పీవీసీ ఫోమ్ అనే ప్లాస్టిక్ షీటు గానీ, చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ గానీ వాడు. వీటికి నీళ్ల భయం లేదు, ఎండ భయం ఉంది. ఎనిమిది అడుగుల పీవీసీ షీటు 30 డిగ్రీల వేడి తేడాకే నాలుగైదు మిల్లీమీటర్లు సాగుతుంది, మన ఊరి ఎండకి పడమటి గోడ మీద ఆ తేడా ఎంతసేపు! నాలుగు మూలలా స్క్రూలు బిగించేస్తే సాగడానికి చోటు లేక మధ్యలో పొట్ట వస్తుంది. రంధ్రం స్క్రూ కంటే పెద్దది వేసి, వాషర్ పెట్టి కాస్త వదులుగా బిగించు. నల్లరంగే కావాలని ఎవరైనా పట్టుబడితే నలుపు ఎండని ఇంకా ఎక్కువ లాగుతుందని ఒకసారి చెప్పి చూడు, వినకపోతే వెనక అల్యూమినియం ఫ్రేము వేసి ఆ డబ్బులు విడిగా అడుగు, మొహమాటపడొద్దు.

పాలీయురితేన్‌తో చేసే హెచ్‌డీయూ అని ఇంకోటి ఉంది. చెక్కకున్నట్టు దానికి పోగు ఉండదు కాబట్టి ఉలి ఎటు తోసినా చీలదు, నీళ్లూ తాగదు. పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి దిమ్మ చేసుకుని విగ్రహాలే చెక్కొచ్చు. స్క్రూ మాత్రం గట్టిగా పట్టదు, వెనక ప్లైవుడ్ అంటించాలి. ఖరీదైన సరుకు, ఆర్డరు చేతికొచ్చాకే తెప్పించు.

ఇప్పుడు అక్షరాలు. మన దగ్గర సగం షాపులు శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరే కదా, ఆ "క్ష్మీ" దగ్గరే పనితనం తెలిసిపోతుంది. కంప్యూటర్లో అక్షరాన్ని కర్వ్స్ (అంచు గీతలుగా) చేసినాక ఒత్తూ గుణింతమూ ఎక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కాయో చూసి వెల్డ్ చెయ్యి, అంటే ఒకే ఆకారంగా కలుపు, లేదంటే మిషన్ ఆ లోపలి గీతల్ని కూడా నమ్మకంగా చెక్కిపారేస్తుంది. క్ష, ఘ, ఝ లోపలి సందులు రంగు వేసేసరికి పూడిపోతాయి, అందుకని ఆ ఖాళీల్ని ముందే కొంచెం విప్పుకో. వీ-బిట్‌తో (V ఆకారం మొన ఉన్న బిట్) లోతు లెక్క కూడా చూసుకోవాలి, మొన కోణం తగ్గేకొద్దీ లోతు పెరుగుతుంది: 20 మి.మీ. వెడల్పు గీతకి 90 డిగ్రీల బిట్ 10 మి.మీ. దిగితే, 60 డిగ్రీలది 17 మి.మీ. పైనే దిగుతుంది. 18 మి.మీ. షీటులో ఇంకేం మిగులుతుంది? వెనక వెలుతురు కనిపిస్తుంది.

ఎండీఎఫ్ చెక్కిన అంచులు ప్రైమర్‌ని తెగ తాగుతాయి. సీలర్ కొట్టి, ఆరాక సాండ్‌పేపర్ పట్టి, మళ్లీ కొట్టు. తొందరపడితే రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది.

పీవీసీని లేజర్ మీద మాత్రం పెట్టొద్దు, ఎవరు అడిగినా సరే. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది ఊపిరితిత్తులకీ మంచిది కాదు, మిషన్ ఇనుముకీ తుప్పు పట్టిస్తుంది. రౌటర్ దుమ్ముకైతే మంచి మాస్కు, దుమ్ము లాగే వాక్యూమ్ ఉండాలి, ముక్కుకి కట్టే కర్చీఫ్ లెక్కలోకి రాదు.

అంచు డిజైన్ల కోసం నెట్‌లో అందరూ దించుకునే ఫైళ్లే దించకు. లేపాక్షి దగ్గరేగా, ఒక ఆదివారం పోయి అక్కడి గుడిలో లతామండపం స్తంభాల మీది అల్లికల్ని తీరిగ్గా ఫొటోలు తీసుకో. చీరల అంచులకే ఎక్కిన డిజైన్లు అవి, తలుపు ఫ్రేముకి ఎంత బాగుంటాయో నువ్వే చూస్తావు.

చెక్కే ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, ఓనరుతో పేరు పైకి చదివించి, కింద సంతకం పెట్టించుకో. దీర్ఘం పోయిందని తర్వాత గొడవ పడితే ఆ కాగితం చూపించొచ్చు. సగం డబ్బు కూడా అప్పుడే తీసుకో, చుట్టాలైనా సరే.

మీ మామ