ఆ ఆదివారం గంట ముందే చీకటి పడుతుంది

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బియ్యం ధరలు, నా మోకాళ్ళు, మీ తమ్ముడి పరీక్షలు అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు "అది వచ్చే ఆదివారం ఒక్కతే ఏదో అడవికి వెళ్తుందట అక్కా, నువ్వయినా చెప్పు" అంది. ఏ అడవే అని అడిగితే, వయర్ ఫారెస్ట్ అంది. ఆ పేరు మా ఇళ్ళలో వినిపించి ఎన్నేళ్ళయిందో. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

అమ్మమ్మ ఇంట్లో పెరట్లో లైటు పోతే బాత్రూముకి వెళ్ళడానికి నా కొంగు పట్టుకుని వచ్చేదానివి. బర్మింగ్‌హామ్ వెళ్ళి రెండు నెలలు కాలేదు, అడవి చూసొస్తానంటున్నావు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. వద్దని మాత్రం చెప్పను. మీ అమ్మ అడిగింది కాబట్టి చెబుతున్నట్టు నటించను కూడా. వెళ్ళు. కానీ ఇది మొత్తం చదివి వెళ్ళు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. కిడర్‌మిన్‌స్టర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సులో అడవి పక్కనున్న బ్యూడ్లీ ఊరు. ఆదివారం బస్సులు తక్కువ, వచ్చే బస్సు టైము కూడా ముందే చూసుకో. పట్టు ఉన్న బూట్లు వేసుకో, తడిసిన ఓక్ ఆకులు నూనె రాసినట్టు జారతాయి. వానకోటు, నీళ్ళు, తినడానికేమైనా, ఫోన్‌కి పవర్ బ్యాంకు. ఫోన్‌లో మ్యాప్ ఉన్నా కాగితం మ్యాప్ కూడా కొనుక్కో, ఆర్డ్నెన్స్ సర్వేవాళ్ళది, నారింజరంగు అట్ట ఉన్నది. లోయల్లో సిగ్నల్ పోయినా కాగితం ఎక్కడికీ పోదు. పసుపు బాణం గుర్తున్నది నడిచేవాళ్ళ దారి, నీలం బాణమున్న దారిలో గుర్రాలూ సైకిళ్ళూ కూడా వస్తాయి. తీసిన గేటు మళ్ళీ వేసెయ్యి.

మీ అమ్మ భయమంతా పాముల గురించి. ఆ దేశంలో విషమున్న పాము ఒక్కటే, ఆడర్ అంటారు. వయర్ ఫారెస్ట్‌లో ఉంటుంది, కానీ అక్టోబరు చివరికి చలికి అది నేలలోకి దూరి పడుకుంటుంది. పులి లేదు, ఎలుగుబంటి లేదు, తోడేలు లేదు. నల్లమలలో నడిచినట్టు వెనక్కి చూసుకుంటూ నడవక్కర్లేదు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకో, జింకలు తిరిగే చోట పిడుదులుంటాయి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో వెతుక్కో. పట్టుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి, నిదానంగా, నేరుగా లాగెయ్యి. తర్వాత ఆ చోట గుండ్రంగా ఎర్రగా పెరుగుతూ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళు, లైమ్ జబ్బు అని ఒకటుంది.

పుట్టగొడుగులు ముట్టుకోకు. ఈ మాట ఒక్క లైనులో వదలను. తొలకరి పడగానే పుట్టల దగ్గర మనవాళ్ళు ఏరుకొచ్చే పుట్టగొడుగుల రుచి నీకు తెలుసు, అందుకే భయం. అక్కడ ఓక్ చెట్ల కింద లేత ఆకుపచ్చ గొడుగుతో, తెల్లటి కాడతో చూడ్డానికి ముచ్చటగా ఒకటి మొలుస్తుంది. డెత్ క్యాప్. తిన్న వెంటనే ఏమీ తెలియదు. సగం రోజు గడిచాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి కూర్చుంటాడు. ఆ లోపల లివర్ పాడైపోతూ ఉంటుంది. వండినా ఆ విషం పోదు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆసుపత్రుల్లో పనిచేసిన మనిషిగా చెబుతున్నాను, ఫోటో తీసుకుని ముందుకి నడువు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను. నువ్వు వెళ్ళేది అక్టోబరు ఆఖరి ఆదివారం. ఆ తెల్లవారుజామున రెండింటికి అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. నీ ఫోన్‌లో దానంతటదే మారిపోతుంది, నువ్వు గమనించవు కూడా. శనివారం దాదాపు ఆరింటి దాకా వెలుతురు ఉంటుంది. ఆదివారం నాలుగూ ముప్పావుకే సూర్యుడు అస్తమిస్తాడు. చెట్ల కింద, అందులోనూ లోయలో, నాలుగింటికే మసక మొదలు.

ఇది నాకెలా తెలుసంటే, 1978లో సరిగ్గా ఆ ఆదివారమే నేనూ ఆ అడవికి వెళ్ళాను.

అప్పటికి నేను ఇంగ్లండ్ వచ్చి రెండేళ్ళు. అక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్ళో ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుని. మీ పెదనాన్నకి స్కాట్లాండ్‌లో ఉద్యోగం, నెలకోసారి కలిస్తే గొప్ప. పన్నెండు రోజులు వరసగా డ్యూటీ చేశాక ఆదివారం, సోమవారం సెలవు దొరికింది. గది నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఏడుపొస్తుందని బస్సెక్కి బ్యూడ్లీలో దిగాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మనుషులు లేక కాదు, పక్క గదిలోనే ఒక మలయాళీ నర్సు ఉండేది. చెప్పాలని తోచలేదు. పొద్దున్నే లేచి వాచీ గంట వెనక్కి తిప్పుకున్నాను కూడా. కానీ నా కళ్ళు మాత్రం నిన్నటి వెలుతురు లెక్కలోనే ఉన్నాయి. వాచీలో మూడున్నర అయినప్పుడు, ఇంకా రెండు గంటలకు పైనే ఉందిలే అనుకుంటూ డౌల్స్ వాగు దాటి అవతలి గట్టు ఎక్కాను.

నాలుగు దాటాక ఆ శబ్దం వినిపించింది. ఎవరో గొంతులో గురక పెడుతున్నట్టు. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. వార్డులో ఆఖరి ఘడియల్లో ఉన్న మనిషి గొంతులో వచ్చే శబ్దం అది. అంతకు మూడు రాత్రుల ముందే అలాంటి పెద్దాయన పక్కన కూర్చుని ఉన్నాను. ఎవరో పడిపోయి ఉన్నారు, ఊపిరాడటం లేదు అనుకున్నాను. దారి వదిలేసి, నడుం ఎత్తు ఎండిన ఫెర్న్ పొదల్లోంచి ఆ శబ్దం వైపు పరిగెత్తాను. "ఎక్కడున్నారు? నేను డాక్టర్‌ని" అని ఇంగ్లీషులో అరుస్తూ పరిగెత్తాను. శబ్దం ఆగిపోయింది. పొదల్లో ఏదో బరువుగా కదిలి వెళ్ళిపోయింది. చెట్ల మధ్య ఒక్క క్షణం అరచేయిలా వెడల్పాటి కొమ్ములు కనిపించాయి.

అది మగ జింక, చిన్నీ. ఫాలో డీర్ అంటారు. మన దుప్పిలాగే ఒంటి మీద మచ్చలుంటాయి. అక్టోబరు వాటికి జత కట్టే కాలం, మగవి అలా గొంతుతో గురగురలాడతాయి. నువ్వు వెళ్ళినప్పుడూ వినిపించవచ్చు. విని అక్కడే నిలబడు, దగ్గరికి వెళ్ళకు. ఆ రోజుల్లో వాటికి పొగరెక్కువ.

వెనక్కి తిరిగితే దారి లేదు. ఆ అడవిలో ఓక్ చెట్లన్నీ ఒకేలా ఉంటాయి. ఒకప్పుడు తోళ్ళ పరిశ్రమకి బెరడు కోసం, బొగ్గు కోసం వాటిని మొదలంటా నరికేవారు. ఆ మోడు నుంచి మూడేసి నాలుగేసి కాండాలు లేచి పెరిగాయి. ఎటు చూసినా అవే. వాలులో ఒకచోట బల్లపరుపుగా, గుండ్రంగా నేల తగిలితే అక్కడ కూలబడ్డాను. రెండు రోజుల్లో దీపావళి అమావాస్య. చంద్రుడు లేడు. టార్చి లేదు. నా చెయ్యి నాకే కనిపించని చీకటి.

అప్పుడు భయపడింది చీకటికి కాదు. నేను రాలేదని ఎవరికి ఎప్పుడు తెలుస్తుందని లెక్క వేసుకున్నాను. సోమవారం సెలవు. మంగళవారం పొద్దున డ్యూటీకి రాకపోతే ఎవరో గది తలుపు కొడతారు. తలుపు తియ్యకపోతే ఎక్కడికో వెళ్ళిందనుకుంటారు. అడవిలో వెతకాలని ఎవరికి తోస్తుంది? అమ్మకి నా ఉత్తరం రాలేదని తెలియడానికే రెండు వారాలు. ఆ లెక్క ఎప్పుడు గుర్తొచ్చినా నా అరిచేతులు ఇప్పటికీ చల్లబడతాయి.

ఏడుపు ఆపుకుని కదలకుండా కూర్చున్నాక నీళ్ళ చప్పుడు వినిపించింది. అంతసేపూ ఉన్నదే, నా గాభరాలో వినపడలేదు. ఆ చప్పుడు వైపు కూర్చుని జారుతూ దిగి, వాగు పట్టుకుని దాని వెంటే నడిచాను. రెండుసార్లు పడ్డాను, మోకాళ్ళ దాకా తడిశాను, ముళ్ళకంపలు చేతులు గీరేశాయి. ఇది ఉపాయం అనుకుని నువ్వు గుర్తుపెట్టుకోకు. కాలు విరిగి ఉంటే ఆ చలి రాత్రి అక్కడే పడి ఉండేదాన్ని. వాగు వెళ్ళి సెవర్న్ నదిలో కలుస్తుంది. అక్కడ పాత రైలు వంతెన తాలూకు స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటిని ముందే చూసి ఉన్నాను కాబట్టి ఊరు ఎటో తెలిసింది. నది పక్కనే మైలు దూరం నడిస్తే బ్యూడ్లీ వంతెన దగ్గర దీపాలు కనిపించాయి. ఒక పబ్బులో పెద్దావిడ తువ్వాలు ఇచ్చి, టీ చేతికిచ్చి, టాక్సీ పిలిచింది. ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ రాత్రే అమ్మకి ఏరోగ్రామ్ రాశాను. "ఈ రోజు సెలవు, బాగా విశ్రాంతి తీసుకున్నాను" అని. మూడు వారాలకి జవాబొచ్చింది. కుశలప్రశ్నలన్నీ అయ్యాక చివర్న, "అక్షరాలు వంకరగా ఉన్నాయేమిటే, చెయ్యికి దెబ్బ తగిలిందా?" అని రాసింది. నేను దానికి సమాధానం రాయలేదు. మీ పెదనాన్నకి తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయింది, ఆవిడకి చెప్పకుండానే మిగిలిపోయింది. మీ అమ్మకీ తెలియదు. ఈ ఉత్తరం దానికీ చదివి వినిపించు.

అందుకని, నా మాట విను. పొద్దున పదింటికల్లా అడవిలో ఉండు. ఒంటిగంటన్నర అవగానే, ఎంత బాగున్నా, వెనక్కి తిరుగు. మూడున్నరకి బ్యూడ్లీలో ఉండాలి. బయల్దేరే ముందు నీ రూమ్మేట్‌కి నువ్వు వెళ్ళే దారి మ్యాప్ మీద గీసి ఫోటో పంపు. "అయిదింటికల్లా నా మెసేజ్ రాకపోతే 999కి ఫోన్ చెయ్యి" అని స్పష్టంగా చెప్పు. మొహమాటపడకు. ఆ పిల్లకి టెన్షన్ ఎందుకులే అనుకోకు. నేను ఎవరికీ చెప్పకుండానే వెళ్ళాను. ఫోన్‌లో లైటుంది కదా అనొద్దు, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, వేరే టార్చి పెట్టుకో. ఎవరైనా ఆపదలో ఉన్నట్టు అనిపిస్తే దారి మీద నిలబడే ఫోన్ చెయ్యి. దారి వదలకు. ఒట్టు పెట్టించుకోవాలనుంది, కానీ నువ్వు పెద్దదానివయ్యావు.

ఇంత భయపెట్టి పంపిస్తే ఆ అడవి నీకు భయంగానే మిగిలిపోతుందేమో అని ఇప్పుడు బెంగగా ఉంది. అందుకే ఇది కూడా రాస్తున్నాను. మరుసటి వసంతంలో మీ పెదనాన్న పట్టుబట్టి నన్ను మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళారు. నేను కూలబడిన చోటు లాంటిదే దారి పక్కన ఇంకొకటి కనిపించింది, గుండ్రంగా, చదునుగా. కుక్కని తిప్పుతున్న ఒకాయన చెప్పాడు, అవి పాత బొగ్గుల బట్టీల జాగాలని. వాలుని చదును చేసి, కట్టెలు పేర్చి, మట్టి కప్పి, రాత్రీ పగలూ కాపలా కాసేవారట. ఆ రాత్రి నేను ఒంటరిగా కూర్చున్న చోట అంతకుముందు ఎందరో మేలుకుని కూర్చున్నారన్నమాట. ఆ మాట విన్నాక నా గుండె కుదుటపడింది. ఆ తర్వాత ఏటా వెళ్ళేవాళ్ళం.

నువ్వు పదకొండింటికి అలా దారి పక్కన ఒక మోడు మీద కూర్చో. ఫోన్ సంచిలో పెట్టి ఇరవై నిమిషాలు కదలకు. మొదట ఏమీ వినిపించదు. తర్వాత ఓక్ కాయలు ఆకుల మీద పడే చప్పుడు, టప్‌మని, కాసేపటికి ఇంకొకటి. ఎర్రగుండె రాబిన్ ఆకురాలే కాలంలోనూ పాడుతుంది, సన్నగా. గులాబి గోధుమరంగులో, గొంతు చించుకుని అరిచే పిట్ట కనిపిస్తే అది జే. చలికాలం కోసం వేలకొద్దీ ఓక్ కాయలు ఏరి నేలలో దాచుకుంటుంది. మర్చిపోయినవి చెట్లవుతాయి. అది ఎగిరినప్పుడు రెక్క దగ్గర చూడు, వేలెడంత మేర నల్ల గీతలతో నీలం. దసరాకి తాతయ్య భుజాల మీద కూర్చుని పాలపిట్ట రెక్కల్లో చూసేదానివే, ఆ నీలమే. నాకు మొదటిసారి అది కనిపించినప్పుడు మన ఊరు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

మూడున్నరకి బ్యూడ్లీ చేరగానే ముందు మీ అమ్మకి, తర్వాత నాకు మెసేజ్ పెట్టు. శనివారం దాకా మనకీ మీకూ నాలుగున్నర గంటలు తేడా, ఆ ఆదివారం నుంచి అయిదున్నర. నీకు మూడున్నర అంటే ఇక్కడ రాత్రి తొమ్మిది. నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ,
కాకినాడ