వాషింగ్ మెషీన్ దగ్గర డ్రైనేజీ కంపా? ముందు జాలీ ఎత్తి చూడండి

సర్వీస్ చేయించినా మెషీన్ దగ్గర కుళ్ళిన గుడ్ల వాసన పోవట్లేదు, ఇంక మెషీన్ మార్చేయాలా అని అడిగారు కదా. అస్సలు మార్చకండి. వాసన మెషీన్‌దే అయితే సాధారణంగా డోర్ రబ్బరు దగ్గర బూజు పట్టి ముక్కిపోయిన తడిబట్టల వాసన వస్తుంది, కుళ్ళిన గుడ్ల కంపంటే నా లెక్కలో అది డ్రైనేజీ గ్యాసే.

మా అక్కావాళ్ళది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చి తలుపు తీస్తే ఇల్లంతా కంపు. ఎలుక చచ్చిందేమోనని బావగారు వంటింట్లో ఉన్న మెషీన్ జరిపించి చూశారు, ఏం లేదు, సర్వీస్ వాళ్ళని పిలిస్తే డ్రమ్ క్లీనింగ్ పౌడర్ అంటగట్టి పోయారు, మళ్ళీ పిలిస్తే మోటార్ మార్చాలన్నారు! వాసనకీ మోటార్‌కీ ఏంటండీ సంబంధం, ఇలాంటివి వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను వెళ్ళిన రోజు రాత్రి మెషీన్ అవుట్‌లెట్ పైపు బయటికి లాగి, నీళ్ళు పోయే నేల జాలీ మీద మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి చుట్టూ టేపు వేశాను. పొద్దున లేచేసరికి వంటింట్లో ఏ వాసనా లేదు. టేపు పీకగానే గుప్పుమంది, అక్క ముక్కు మూసుకుని "అదేరా, అదే!" అంది.

జాలీ ఎత్తి టార్చి వేసి చూస్తే కింద గిన్నెలా ఉండే నహానీ ట్రాప్‌లో బోర్లించి ఉండాల్సిన కప్పే లేదు. టవళ్ళ నూగు పట్టి నీళ్ళు నిలుస్తున్నాయని అంతకుముందొచ్చిన ప్లంబర్ పీకేసి పోయాడట. ఆ కప్పు దగ్గర నిలిచే రెండంగుళాల నీళ్ళే గ్యాస్‌ని ఆపేది, అది తీసేస్తే మెయిన్ లైనుకీ మీ వంటింటికీ మధ్య అడ్డమే ఉండదు. నూగు తీసి కడగడానికి ఐదు నిమిషాలు పట్టదు, అయినా పీకేస్తారు! హార్డ్‌వేర్ షాపులో కొత్త కప్పు తెచ్చి పెట్టి ఒక బకెట్ నీళ్ళు పోశాం, అంతే, కంపు పోయింది.

మీ ఇంట్లో కప్పు ఉంటే అందులో నీళ్ళున్నాయా చూడండి, వాడకుండా వదిలేస్తే ఎండాకాలం ఆవిరైపోతాయి. కొన్నిళ్ళల్లో అవుట్‌లెట్ పైపుని ట్రాప్ లేకుండానే నేరుగా లైన్లో దూర్చేస్తారు, అదీ చూసుకోండి. మెషీన్ నీళ్ళు వదిలినప్పుడల్లా పక్క బాత్రూమ్ జాలీ గుడగుడమంటే మాత్రం లైన్లో గాలి ఆడక అక్కడి ట్రాప్ నీళ్ళని లాగేసుకుంటోందని అర్థం, టెర్రస్ మీద వెంట్ పైపు మూసుకుపోయిందేమో అసోసియేషన్ వాళ్ళకి చెప్పి చూపించండి.

యాసిడ్ మాత్రం పోయకండి దయచేసి. పైపులో పేరుకున్న మురికితో కలిస్తే ఆ గ్యాస్ ఇంకా లేస్తుంది, అంతకుముందు బ్లీచింగ్ పోసుంటే క్లోరిన్ కూడా వస్తుంది. కాసేపటికి వాసన తెలియట్లేదు కదా అని నమ్మొద్దు, ఈ డ్రైనేజీ గ్యాస్‌లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ముక్కుని మొద్దుబారుస్తుంది, బయటినుంచి వచ్చినవాళ్ళని అడగండి. ఒకవేళ కింద డ్రైనేజీ చాంబరే (మ్యాన్‌హోల్) జామ్ అయిందని తేలితే ఎవర్నీ లోపలికి దించనివ్వకండి, ఇదే గ్యాస్ అక్కడ ప్రాణాలు తీస్తోంది, రక్షణ సామాన్లు లేకుండా మనిషిని దించడం మాన్యువల్ స్కావెంజింగ్‌ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. నీళ్ళు గట్టిగా కొట్టి లైను శుభ్రం చేసే జెట్టింగ్ బండి పిలిపించమని గట్టిగా అడగండి.