పిల్లికి డాగ్ ఫుడ్ పెట్టొచ్చా?

ప్రశ్న: మా పిల్లి ఆర్నెల్లుగా కుక్కకి తెచ్చిన గింజలే తింటోందండీ. క్యాట్ ఫుడ్ డబ్బా మీద ప్రొటీన్ 10 శాతమే రాశారు, కుక్క ప్యాకెట్ మీద 24. గింజలే నయం కదా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. డబ్బాలో తడే దాదాపు 78 శాతం. మిగిలిన 22 పాళ్లలో 10 ప్రొటీనంటే, తడి తీసేసి చూస్తే 45 శాతం. గింజల్లో తడి 10 శాతం అనుకున్నా అదే లెక్కన 27 దాటదు. నేనూ మొదట్లో ఈ అంకెలు చూసి మోసపోయినవాణ్నే!

అసలు చిక్కు టారిన్ అనే పోషకంతో. కుక్క ఒళ్లు దాన్ని తయారుచేసుకుంటుంది, పిల్లి తగినంత చేసుకోలేదు. అది చాలకపోతే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. చూపూ పోతుంది. అందుకే అమెరికాలోని ఆఫ్కో (పశువుల ఆహార నియంత్రణ అధికారుల సంఘం) ప్రమాణాల ప్రకారం, తడి తీసేసిన లెక్కన, పిల్లి గింజల్లో కనీసం 0.1 శాతం, డబ్బా ఆహారంలో 0.2 శాతం టారిన్ ఉండాలి. డాగ్ ఫుడ్‌కి ఆ నిబంధన లేదు.

క్యాట్ ఫుడ్ ప్యాకెట్ వెనక 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అనీ, ఏ వయసు పిల్లికనీ ఉందేమో చూడండి. 'ఆఫ్కో ఆమోదం పొందింది' అని షాపువాడంటే మాత్రం నమ్మకండి, ఆ సంస్థ దేన్నీ ఆమోదించదు. ఆర్నెల్లయింది కాబట్టి ఈ వారంలోనే గుండె, కళ్లు పరీక్ష చేయించండి.