గూడ లెక్క ఎవరి చేతికివ్వాలి?

(గణాంక శాఖలో పనిచేసి రిటైరై, శ్రీకాకుళంలో ఉంటున్న మా ‘లెక్కల తాతగారు’ ఈసారి మూడు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మాది మందస మండలం. డిగ్రీ చదువుతున్నాను. స్నేహితులం కొందరం సవర గిరిజనుల గూడల్లో (కొండ పల్లెల్లో) ఇంటింటికీ తిరిగి సర్వే చేశాం. ఇంటి పెద్ద పేరు, ఫోను, ఆధార్, తెగ, పోడు పట్టా, చదువులు, సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు) ఉందా లేదా... అన్నీ ఒక షీట్‌లో ఎక్కించాం. ఒక స్వచ్ఛంద సంస్థ ఆ షీట్ అడుగుతోంది. లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే అందరికీ పనికొస్తుందని మాలో ఒకబ్బాయి అంటున్నాడు. ఒక గూడలో పెద్దాయన మాత్రం “మా పేర్లు మీకెందుకమ్మా?” అని గుమ్మంలోనే నిలబెట్టేశారు. మేం చేసింది తప్పా?

జవాబు: సర్వే చెయ్యడం తప్పు కాదమ్మా. ఆ లింకు మాత్రం ఈ పూటే ఆపించు. ఆధార్ కాలమ్ మొత్తం చెరిపెయ్యి, దాంతో మీకు పనేమిటి? అడగడానికి వీలుంది కదా అని అడిగేసే జబ్బు మా ఆఫీసుల్లోనూ ఉండేది.

ముందు మీ పని ఎందుకు అవసరమో చెబుతాను. సర్కారు పట్టికల్లో చాలాచోట్ల ‘ఎస్టీ’ అని ఒక్కటే గడి ఉంటుంది. సవర, జాతాపు, గదబ, కొండదొర అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. చదువులో ముందున్న తెగ సగటును పైకి లాగుతుంది, దాని చాటున వెనకున్న తెగ కనబడకుండా పోతుంది. జనగణన వాళ్లు తెగలవారీ పట్టికలు వేస్తారు, కాదనను. అందులో కూడా సవర, కాపు సవర, మాలియ సవర అన్నీ కలిపి ఒకే వరుస. కేంద్రం దేశం మొత్తంలో 75 తెగలను మరీ వెనకబడినవిగా గుర్తించి, వాళ్ల కోసం 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ అనే పథకం మొదలుపెట్టింది. మన రాష్ట్రం నుంచి అందులో కొండ సవరలున్నారు. మరి కొండ సవరలు ఎంతమంది అని జనగణన పట్టికలో వెతికితే విడిగా దొరకరు. కాబట్టి గూడకి వెళ్లి మనిషిని పేరుపెట్టి అడిగిన లెక్కకు విలువుంది.

ఇక సికిల్ సెల్ సంగతి. 2023 జులైలో కేంద్రం దీని మీద జాతీయ మిషన్ మొదలుపెట్టి, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారికి రక్తపరీక్షలు చేయిస్తోంది. మీరేమో ‘ఉందా లేదా’ అని అడిగారు. అక్కడే చిక్కంతా. ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే ఆ మనిషి వాహకం మాత్రమే, మామూలుగా జబ్బుండదు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. మీ షీట్‌లో వాహకానికీ, జబ్బున్న మనిషికీ ‘ఉంది’ అనే పడుతుంది. పద్దెనిమిది గడపల గూడలో ‘సికిల్ సెల్: 1, ఆడపిల్ల, వయసు 16–20’ అని గ్రూపులో పెట్టారనుకో. పేరు రాయకపోయినా ఆ పిల్ల ఎవరో సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలుస్తుంది. ఆ అమ్మాయి వాహకమే అయినా సరే, వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది.

పేర్లు తీసేస్తే సరిపోతుందనుకోకు. నేను పాటించే పద్ధతి ఇది: గూడవారీగా కాకుండా పంచాయతీవారీగా వెయ్యాలి. అయిదు కంటే తక్కువ ఉన్న గడిలో అంకె వెయ్యకూడదు, ‘5 లోపు’ అని రాయాలి. గూడల అంకెలు ఇవ్వక తప్పకపోతే ఇంకో మెలికుంది. పంచాయతీ మొత్తం 14 అని వేసి, మూడు గూడల్లో రెంటికి అంకెలిచ్చి మూడోది దాచారనుకో, తీసివేత వచ్చిన అయిదో తరగతి పిల్లాడు కూడా దాన్ని లాగేస్తాడు. ఒక గడి దాస్తే దాని పక్కన ఇంకొకటీ దాచాల్సిందే.

స్వచ్ఛంద సంస్థకు పట్టికలివ్వండి, షీట్ వద్దు. నిజంగా వైద్యమో పట్టాల సాయమో చేస్తామంటే, ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నాక మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి కూడా మూలం అదే: ఎందుకడుగుతున్నామో చెప్పి ఒప్పించుకోవాలి, అడిగినదాన్ని ఆ పనికే వాడాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సంగతైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి.

ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే. పోడు భూమి కొలిచారంటే అటవీ శాఖ వస్తుందేమో, ఇంట్లో ఇంతమందని చెబితే పింఛను పోతుందేమో అని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. సవర భాష వచ్చినవాళ్లని ఒకరిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి ఆ భాష పట్టుదలగా నేర్చుకుని 1930ల్లోనే వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మన సర్వే ఫారాలు మాత్రం ఇప్పటికీ తెలుగే అడుగుతాయి! సంత రోజు, జీడితోటల పని జోరుగా ఉన్న రోజులు వదిలేసి, చీకటి పడ్డాక వెళ్లండి. అప్పటికీ ఆయన చెప్పనంటే ఆ ఇంటి గడి ఖాళీగానే ఉంచండి. పక్కింటివాళ్లని అడిగి నింపొద్దు.

పట్టిక తయారయ్యాక మొదటి ప్రతి గూడకే వెళ్లాలి. గ్రామసభలో సవరలో చదివి వినిపించండి. “మా పిల్లలు బడికెళ్లట్లేదని రాశారు, ఆశ్రమ పాఠశాలలో ఉన్నారు కదా” అని ఎవరో ఒకరు లేచి దిద్దుతారు. ఆఫీసులో కూర్చుని అలాంటి తప్పు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: విజయనగరంలో టీచర్ని. 2011 లెక్కల్లో మా జిల్లాలో గిరిజనులు 10 శాతం దాకా ఉన్నారు. ఇప్పటి కాగితాల్లో అంతకంటే బాగా తక్కువ చూపిస్తున్నారు. గిరిజనులు తగ్గిపోయారా?

జవాబు: ఎవరూ తగ్గలేదు మాస్టారూ, జిల్లా మారింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడింది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు, పాచిపెంట అటు పోయాయి. పైగా పాత శ్రీకాకుళం నుంచి రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మీకొచ్చాయి. గిరిజనులున్న మండలాలు పోయి, పెద్దగా లేనివి చేరాయి. శ్రీకాకుళానిదీ అదే కథ. పాత జిల్లాలో 6 శాతం ఎస్టీలుండేవారు. సీతంపేట, భామిని, వీరఘట్టం, పాలకొండ మన్యంలోకి వెళ్లాయి. పిల్లలతో ప్రాజెక్టు చేయిస్తుంటే జిల్లా అంకెలు పక్కనపెట్టి మండలాల అంకెలు కూడించండి, సరిపోతుంది.

ప్రశ్న: మెళియాపుట్టి నుంచి రాస్తున్నాను. జనగణనకి వచ్చినప్పుడు మేం ఏం చెప్పాలి?

జవాబు: ‘ఎస్టీ’ అనో ‘గిరిజనులం’ అనో చెప్పి ఊరుకోవద్దు. అలా రాస్తే తెగ పేరు లేనివాళ్ల వరుసలో పడతారు. సవర అయితే సవర అని, జాతాపు అయితే జాతాపు అని చెప్పండి. మాతృభాష అడిగితే ఇంట్లో ఏది మాట్లాడితే అదే చెప్పండి, వచ్చినవాళ్లతో తెలుగులో మాట్లాడుతున్నారు కదా అని తెలుగు రాయించకండి. జనగణనలో మీరు చెప్పినది కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదు, 1948 చట్టం 15వ సెక్షన్ ఆ రక్షణ ఇచ్చింది. పింఛనుకూ దానికీ సంబంధం లేదు.

ఇంకొకటి. ఈసారి మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. 2011 పద్ధతి చూస్తే, ఆ లెక్క జరిగిన రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లని ఇక్కడ రాయరు, ఎక్కడుంటే అక్కడే రాస్తారు. కాబట్టి పనులకి వెళ్లేవాళ్లకి ముందే చెప్పిపెట్టండి: అక్కడికి వచ్చినవాళ్లకి కూడా తెగ పేరు, భాష ఇలాగే చెప్పమని.