మావాడు బెంచీ మీదే ఉంటున్నాడు, ఇంటికి రమ్మనాలా?

ప్రశ్న: మాది గుర్రంపోడు దగ్గర పల్లె. ఆరెకరాల బత్తాయి తోట. మా బాబుకు 21 ఏళ్లు, ఆరడుగుల ఏడంగుళాలు ఉంటాడు. నల్గొండలో హైస్కూల్ చదివేటప్పుడు బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. పోయినేడు ఒక ప్రొఫెషనల్ జట్టు ఏడాది కాంట్రాక్టు మీద తీసుకుంది. ఊరంతా స్వీట్లు పంచాం. తీరా చూస్తే మ్యాచ్‌లో వాణ్ని దించేది నాలుగైదు నిమిషాలు. దిగీ దిగగానే రెండు ఫౌళ్లు చేస్తాడు, కోచ్ మళ్లీ కూర్చోబెడతాడు. మిగతా సేపంతా అన్నలకు నీళ్ల సీసాలు, టవళ్లు అందిస్తూ కనపడతాడు. ‘గింత కష్టపడింది బెంచీ మీద కూసునేటందుకా? వచ్చి డిగ్రీ పూర్తి చేసి కానిస్టేబుల్ పరీక్ష రాయమను’ అని మా ఆయన. మహబూబ్‌నగర్‌లో పీఈటీగా చేస్తున్న మా తమ్ముడేమో ‘బెంచీ కూడా ఆటే బావా, వాణ్ని కదిలించకు’ అంటాడు. మ్యాచ్ ఉన్న ప్రతి రాత్రీ ఫోన్‌లో ఇద్దరికీ పంచాయితీ. ఒకరు జిమ్మీ బట్లర్ అంటారు, ఇంకొకరు సత్నామ్ సింగ్ అంటారు. వాళ్లెవరో నాకు తెలియదు. దసరాకు వచ్చినప్పుడు బట్టలు ఉతుకుదామని బ్యాగు తెరిస్తే ‘జెర్సీ వదిలెయ్యమ్మా, దానికి చెమట పట్టదు’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. పైగా తెల్లారి నాలుగింటికే లేచి వాకిట్లో గచ్చు మీద ఎడమ చేత్తో ఒకటే బంతి కొట్టుడు. పక్కింటోళ్లు గొణుగుతున్నారు. వాణ్ని వెనక్కి రమ్మనాలా?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, జెర్సీ మాట దగ్గర నాకూ గుండె కలుక్కుమంది. కానీ నేను రెండోసారి వెనక్కి వెళ్లి చదివింది పక్కింటోళ్ల సంగతి. ‘ఎడమ చేత్తో’ అని రాశారు. మీ వాడిది ఎడమచేతి వాటమైతే నా లెక్క తప్పు. కాకపోతే మాత్రం, పండక్కి ఇంటికొచ్చిన పిల్లవాడు చీకటితో లేచి తనకు రాని చేత్తో బంతి కొడుతున్నాడంటే, ఎవరో వాడికి పని అప్పజెప్పారు, లేదా తనకు తానే అప్పజెప్పుకున్నాడు. రెండిట్లో ఏదైనా వాడు ఆటను వదిలెయ్యలేదు. ఆశ వదులుకున్న పిల్లలు పండక్కి ఇంటికొస్తే పది దాకా పడుకుంటారు. బంతి అటకెక్కుతుంది.

అందుకే ‘రమ్మనాలా’ అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. ముందు ఆ నాలుగు నిమిషాల లెక్క చూద్దాం. మీ ఇంట్లో గొడవంతా దాని మీదే ఉంది, ఆ లెక్క మాత్రం ఎవరూ పూర్తిగా వేసినట్టు లేదు.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మ్యాచ్ 40 నిమిషాలు. కోర్టులో ఒక జట్టువాళ్లు ఐదుగురు. అంటే కోచ్ చేతిలో పంచడానికి ఉన్నవి మొత్తం 200 నిమిషాలు. జట్టులో 12 మంది. మొదటి ఐదుగురికి తలా 28 నిమిషాలు ఇచ్చినా 140 పోతాయి. మిగిలిన 60ని ఏడుగురు పంచుకోవాలి, కోచ్‌లేమో గట్టి మ్యాచ్‌లో ఎనిమిది, తొమ్మిది మందికి మించి నమ్మరు. కాబట్టి 21 ఏళ్ల కుర్రాడికి, అదీ మొదటి ఏడాదిలో, నాలుగు నిమిషాలు రావడం అవమానం కాదు. వరసలో అతని చోటు ప్రస్తుతానికి అది.

ఇక ఆ ఫౌళ్లు. మీ ఆయన కోచ్‌ను తిడుతున్నది ఇక్కడేనని నా అనుమానం. ఐదు ఫౌళ్లయితే ఆటగాడు బయటికి రావాల్సిందే. మీ వాడంత పొడుగు పిల్లలు రింగు కింద కాపలా కాస్తారు. ఎదుటివాడు బంతి ఎత్తినట్టు నటించగానే గాల్లోకి ఎగిరిపోతారు, ఎదుటివాడి చేతికి తగులుతారు, విజిల్ పడుతుంది. ఎగరకుండా నిలబడటం నేర్చుకోవడమే వీళ్లకు అన్నిటికన్నా కష్టమైన పాఠం. దానికి తోడు చేతిలో ఉన్నది నాలుగు నిమిషాలే అని వాడికి తెలుసు, ఆ రాత్రి నాయిన ఫోన్ చేస్తాడనీ తెలుసు. ఇక ప్రతి బంతికీ ఎగురుతాడు. ఆ ఫౌళ్లలో ఒకటి మీ ఇంటి ఖాతాలో రాసుకోవాలంటే మీరు బాధపడొద్దు.

ఇప్పుడు ఆ ఇద్దరి సంగతి. జిమ్మీ బట్లర్ అమెరికాలోని ఎన్‌బీఏ అనే పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఆటగాడు. అక్కడ కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2011లో షికాగో జట్టు అతన్ని 30వ ఎంపికగా తీసుకుంది. మొదటి సీజన్‌లో అతనికి దొరికింది మ్యాచ్‌కు సగటున ఎనిమిదిన్నర నిమిషాలు. నాలుగో సీజన్ అయ్యేసరికి, 2015లో, లీగ్‌లో అందరికంటే ఎక్కువ మెరుగుపడిన ఆటగాడిగా అవార్డు తీసుకున్నాడు. సత్నామ్ సింగ్ మనవాడే, పంజాబ్ పల్లెటూరి పిల్లవాడు, ఏడడుగులు దాటిన మనిషి. 2015లో డాలస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన, భారత్‌లో పుట్టిన మొదటి ఆటగాడు అతనే. కానీ కింది లీగ్‌లోనే కొంతకాలం ఆడి, ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగొచ్చాడు. తర్వాత రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. చూశారా, మీ తమ్ముడు ఒక నిజం పట్టుకున్నాడు, మీ ఆయన ఇంకో నిజం పట్టుకున్నాడు. రెండూ నిజాలే కాబట్టి ఈ పంచాయితీ తెగదు.

నేనైతే మూడో పేరు తెస్తాను. జెర్మెయిన్ ఓనీల్. 1996లో 18 ఏళ్లకే పోర్ట్‌లాండ్ జట్టులోకి వచ్చాడు. అతని చోటులో ఆడే సీనియర్లు అక్కడ దండిగా ఉన్నారు. నాలుగు సీజన్లు చాలావరకు బెంచీయే. 2000లో ఇండియానా జట్టుకు మార్చారు. 2002లో బట్లర్‌కు వచ్చిన అవార్డే ఇతనికీ వచ్చింది, లీగ్‌లో మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కు మొత్తం ఆరుసార్లు ఎంపికయ్యాడు. బెంచీ మీద ఉన్న నాలుగేళ్లలో రోజూ ప్రాక్టీసులో ఆ సీనియర్లతోనే ఢీకొన్నాడు కాబట్టి అవకాశం వచ్చేసరికి సిద్ధంగా ఉన్నాడు. కానీ జట్టు మారకపోతే ఆ అవకాశం ఎప్పుడు వచ్చేదో! మీ ఇంట్లో మాట్లాడుతున్నవి రెండే దారులు: అక్కడే ఉండటం, ఇంటికి రావడం. జట్టు మారడం అన్న మూడో దారి ఎవరి నోటా రాలేదు.

(మీ ఆయనకు ఇంకొకరి సంగతి కూడా చెప్పండి. డార్కో మిలిచిచ్ అని సెర్బియా కుర్రాడు, 2003లో మొత్తం డ్రాఫ్ట్‌లోనే రెండో ఎంపిక. బెంచీ మీద కూర్చునే పేరు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు సొంత దేశంలో యాపిల్ తోటలు పెంచుకుంటున్నాడు. తోటకు తిరిగి రావడం అంటే జీవితం పోవడం కాదని మీ తమ్ముడికీ తెలియాలి కదా.)

తోట మాట వచ్చింది కాబట్టి మీ ఆయనకు నా కంటే బాగా తెలిసిన విషయమే అడుగుతాను. బత్తాయిని పూతకు ముందు బెట్టకు వదులుతారు. నీళ్లు ఆపేస్తారు, ఆకు వాడుతుంది, చూసేవాళ్లకు తోట ఎండిపోతున్నట్టే ఉంటుంది. తర్వాత నీళ్లు పెడితే పూత విరగబూస్తుంది. కానీ ఎన్నాళ్లు వదలాలన్నది నేలను బట్టి ఉంటుంది, తేలిక నేలకు ఒక లెక్క, నల్లరేగడికి ఒక లెక్క. రోజులు మించితే ఆకు రాలి, కొమ్మలు ఎండి, చెట్టే దెబ్బతింటుంది. మీ ఆయన రోజూ తోటలోకి వెళ్లి ఆకు చూసి నిర్ణయిస్తాడు. పక్క రైతు ఫోన్ చేసి ‘ఇంక నీళ్లు పెట్టు’ అంటే పెట్టడు. మరి కొడుకు విషయంలో ఆకు చూడకుండానే తీర్పు చెప్పేస్తున్నాడు. మీ తమ్ముడూ అంతే, పీఈటీ సారు అయినా మహబూబ్‌నగర్‌లో కూర్చుని ప్రాక్టీసు చూడటం లేదు కదా.

ఆకు ఎలా ఉందో చూడగలిగింది మీ అబ్బాయి ఒక్కడే. అందుకని కోచ్‌తో వాడే మాట్లాడాలి. మీ ఆయన ఫోన్ చెయ్యకూడదు, మీ తమ్ముడు కూడా ‘కోచ్ నాకు తెలిసినవాడే’ అని మధ్యలో దూరకూడదు. పెద్దవాళ్లు ఫోన్ చేసిన కుర్రాణ్ని జట్టులో మిగతావాళ్లు ఎలా చూస్తారో పీఈటీ సారుకు చెప్పనక్కర్లేదు. వాడు అడగాల్సింది ‘నన్ను ఎందుకు ఆడించట్లేదు సార్’ అని కాదు. అలా అడిగితే ఏ కోచైనా ‘కష్టపడు, టైమ్ వస్తుంది’ అనేస్తాడు, అది జవాబే కాదు. ‘పది నిమిషాలు నన్ను నమ్మాలంటే నాలో మారాల్సింది ఏంటి సార్? ఒకటి, రెండు చెప్పండి, వాటి మీదే పనిచేస్తా’ అని అడగాలి. ‘ఫౌళ్లు తగ్గించు, ఎడమ పక్కకు తిరిగి బంతి వెయ్యడం నేర్చుకో’ అని విడమరిచి చెప్పే కోచ్ అయితే అక్కడ పని జరుగుతున్నట్టే. ప్రాక్టీసు అయ్యాక అసిస్టెంట్ కోచ్ ఎవరైనా వీడితో విడిగా అరగంట ఉంటున్నారా, మ్యాచ్ వీడియో పెట్టి తప్పులు చూపిస్తున్నారా, ప్రాక్టీసులో ఐదుగురికి ఐదుగురు ఆడేటప్పుడు వీణ్ని దించుతున్నారా, లేక అక్కడా గోడ పక్కన నిలబెడుతున్నారా, ఇవి తెలియాలి. ప్రాక్టీసులో కూడా నిలబెట్టే జట్టయితే అది బెట్ట కాదమ్మా, నీళ్లు లేకపోవడమే. అప్పుడు నేనూ మీ ఆయన పక్కనే.

కాంట్రాక్టు ఏడాదే కాబట్టి గడువు ఎలాగూ ఉంది. సీజన్ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ‘వచ్చెయ్’ అనొద్దు, ‘ఉండు’ అని కూడా అనొద్దు. అయ్యాక ఇంటికి పిలిచి వాడు చెప్పేది వినండి. ఈలోపు జట్టు ఒప్పుకుంటే త్రీ బై త్రీ టోర్నీలు ఆడమనండి. అందులో జట్టుకు నలుగురే, కోర్టులో ముగ్గురు, బయట ఒకరు. ఆట పది నిమిషాలు. కూర్చుందామన్నా కుదరదు. చెమట పట్టిన జెర్సీ ఇంటికొస్తుంది.

ఉద్యోగం గురించి మీ ఆయన భయం తప్పేం కాదు. ఇందులో ఆయన్ని చులకన చెయ్యొద్దని మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతుకుతున్నవాళ్లలో చాలామంది రైల్వేల్లోనో, సర్వీసెస్‌లోనో (అంటే సైనిక దళాల్లో) ఉద్యోగం చేస్తూ ఆడుతున్నవాళ్లే. రైల్వే స్పోర్ట్స్ కోటాకు వయసు 18 నుంచి 25 లోపు. మీ వాడికి ఇంకా టైముంది, కానీ మరీ ఎక్కువ లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏ పోటీల సర్టిఫికెట్లు చెల్లుతాయో నోటిఫికేషన్‌లోనే రాస్తారు. ప్రైవేటు లీగ్‌లో ఆడటం ఒక్కటే సరిపోతుందనుకుని కూర్చుంటే ఇబ్బంది. రాష్ట్ర జట్టు సెలక్షన్లకు వెళ్లి సీనియర్ నేషనల్స్‌లో ఆడే ప్రయత్నం వదలకూడదు. ఆ నోటిఫికేషన్లు చదివి సర్టిఫికెట్ల ఫైలు ఒకటి తయారుచేసే పని మీ తమ్ముడికి అప్పగించండి. స్కూల్లో రోజూ చేసే పనే, ఫోన్ పంచాయితీల కన్నా ఎక్కువ పనికొస్తుంది. డిగ్రీని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పూర్తి చెయ్యొచ్చు. బెంచీ మీద ఉన్న పిల్లవాడికి బస్సు ప్రయాణాల్లో చదువుకునే తీరిక ఎటూ ఉంటుంది.

మీ గురించి కూడా ఒక మాట. ఉత్తరంలో రాయలేదు కానీ, బతుకమ్మ ఆడుకునే చోట ‘మీవోడు టీవీల కనపడతలేడేందక్కా’ అని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. స్వీట్లు పంచిన చేతులకు ఆ మాట ఎలా తగులుతుందో నాకు తెలుసు. మా అన్నయ్య కబడ్డీలో రెండేళ్లు రిజర్వ్‌లో ఉన్నప్పుడు మా అమ్మ పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. అన్నయ్య బాధ కంటే అమ్మ మానేసిందన్న బాధే ఇంట్లో పెద్దదైపోయింది. అన్నయ్యకు అది ఇప్పటికీ గుర్తు. మీరు మానొద్దు. ‘నేర్చుకుంటున్నాడు’ అని చెప్పి తర్వాతి పాట అందుకోండి.

మ్యాచ్ రాత్రి ఫోన్ మీరే చెయ్యండి, స్పీకర్ ఆన్ చెయ్యకుండా. ఎన్ని నిమిషాలు, ఎన్ని పాయింట్లు అనొద్దు. ఏం తిన్నాడో అడగండి, ఈ వారం ఎడమ చెయ్యి ఎంతవరకు వచ్చిందో అడగండి. ఆ రెండో ప్రశ్న విని వాడు ఒక్క క్షణం ఆగుతాడు చూడండి, మా అమ్మకు ఇది కూడా తెలుసా అని. మీ ఆయనకూ ఒక పని: తర్వాతి మ్యాచ్‌లో కొడుకు దిగిన నాలుగు నిమిషాలూ స్కోరు చూడకుండా వాడి కాళ్లే చూడమనండి. ఎదుటివాడు నటించినప్పుడు ఎగిరాడా, నేల మీదే నిలబడ్డాడా? ఒక్కసారి నిలబడినా ఆ రాత్రి మెసేజ్ పెట్టమనండి, ‘చూసిన బిడ్డా’ అని. రెండే మాటలు చాలు.

ఒకవేళ వాడు ఫోన్లు ఎత్తడం మానేసినా, తిండీ నిద్రా తప్పినా, నేను దేనికీ పనికిరాను అన్న మాట పదేపదే అంటున్నా, అప్పుడు ఆట సంగతి అందరూ మర్చిపోయి వెంటనే వాడి దగ్గరికి వెళ్లండి. 14416 టెలీమానస్ నంబరు. ఎప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఉత్తరం చూస్తే అంత దూరం వచ్చినట్టు నాకు అనిపించలేదు. కానీ చెమట పట్టని జెర్సీ అని నవ్వినవాడి నవ్వును మీరు నమ్మలేదు చూడండి, అలా నమ్మకపోవడమే మంచిది, ఓ కన్నేసి ఉంచండి.

పక్కింటోళ్ల సంగతి మాత్రం వాళ్లదే న్యాయం. సంక్రాంతికి వచ్చినప్పుడు నాలుగింటికి కాదు, ఆరు దాటాక మొదలుపెట్టమనండి. అప్పుడైతే వాళ్ల పిల్లలు కూడా లేచి గోడ ఎక్కి చూస్తారు.