రిసెప్షన్ పాటలకు చేతికొచ్చేది గంటన్నరే, మిగతాదంతా దాన్నిబట్టే

మీ ప్రశ్న ఇదీ: నవంబరులో తమ్ముడి రిసెప్షన్, మేడ్చల్ వైపు ఓపెన్ లాన్, దాదాపు 800 మంది. ఆ రాత్రే 11:40కి ముహూర్తం, లాన్ పక్కనున్న హాల్లో. డీజే పెట్టాలా, లైవ్ బ్యాండ్ పిలవాలా, సౌండ్ ఎంత కావాలి, ఎక్కడ తేడా వస్తుంది అని అడిగారు.

డీజేనా బ్యాండా అన్నది తర్వాత దానంతట అదే తేలుతుంది, ముందు టైము చూడండి. కార్డులో ఏడు గంటలని వేసినా, ఆఫీసు నుంచి ఇంటికెళ్లి తయారై మేడ్చల్ చేరేసరికి జనానికి ఎనిమిదింపావు అవుతుంది. అటు చివర పది గంటలు గట్టి హద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. 2010 సవరణతో వాయిద్యాలు కూడా ఇందులోకి వచ్చాయి. మూసి ఉన్న హాల్లో, లోపలివాళ్ల వరకే వినిపించేలా అయితే ఫరవాలేదు. షామియానా వేసి చుట్టూ పరదాలు కట్టినంత మాత్రాన లాన్ హాలైపోదు. పది లోపు వాడకానికైనా రాతపూర్వక అనుమతి కావాలి. లాన్ ఏ పోలీస్ స్టేషన్ కిందకి వస్తుందో కనుక్కుని తేదీ, టైము, చిరునామా, బాధ్యుడి ఫోన్ నంబరు రాసి ముందుగానే అర్జీ పెట్టండి. "మాకు పర్మిషన్ ఉందిలెండి" అని లాన్ వాళ్లు అంటే ఆ కాగితం మీ తేదీకి ఉందో లేదో కళ్లతో చూడండి.

అంటే పదికి పావుగంట ముందే ఆపేస్తే పాటలకు దొరికేది ఎనిమిదింపావు నుంచి తొమ్మిదీ ముప్పావు దాకా, గంటన్నర.

ఇప్పుడు స్టేజీ లెక్క చూడండి. 800 మంది నలుగురేసి ఎక్కితే 200 గుంపులు. ఒక్కో గుంపు అక్షింతలు వేసి, కవరిచ్చి, ఫోటో దిగేసరికి 35 సెకన్లు పడుతుంది. మొత్తం 7000 సెకన్లు, అంటే రెండు గంటలకు మూడు నిమిషాలు తక్కువ. మీకు అంత టైము లేదు, ఎందుకంటే పెళ్లికూతురు రిసెప్షన్ లెహంగా విప్పి, పట్టుచీర కట్టి, జడ వేయించుకుని గౌరీపూజకు కూర్చోవాలంటే తొమ్మిదీ ముప్పావుకల్లా స్టేజీ దిగాలి. కాబట్టి లైను ఎనిమిదింటికే మొదలవ్వాలి, ఒక్కో గుంపు 25 సెకన్లలో కదలాలి. ఎక్కేది ఒక వైపు, దిగేది ఇంకో వైపు పెట్టండి. కవర్లు అందుకోవడానికి ఒక బావమరిదిని, తర్వాతి గుంపును మెట్ల మీద సిద్ధంగా ఉంచడానికి ఇంకొకరిని నిలబెట్టండి. అప్పుడు 5000 సెకన్లు, 83 నిమిషాలు, సరిపోతుంది.

డీజే విషయం ఇక్కడే తేలిపోతుంది. వధూవరులు స్టేజీ దిగలేరు. వాళ్లు లేకుండా కజిన్స్ డాన్స్ ఫ్లోర్ మీదికి రారు. ఫ్లోర్ కోసం వదిలిన చోటంతా ఫోటో లైను నిండిపోతుంది. లైన్లో నిలబడ్డ పెద్దవాళ్ల మీద బేస్ కొట్టడం తప్ప డీజే చేయగలిగింది ఏమీ ఉండదు. డాన్స్ ముందురోజు సంగీత్‌కి మార్చేయండి, అక్కడ డీజేకి మంచి బడ్జెట్ పెట్టండి. రిసెప్షన్‌కి చిన్న లైవ్ బ్యాండ్ చాలు: గాయకుడు, గాయని, కీబోర్డు, బేస్ గిటార్, ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ పలక), తబలా-ఢోలక్ వాయించే ఒకరు, ఫ్లూట్. ఏడుగురు. పన్నెండు మంది ఆర్కెస్ట్రా అంటే స్టేజీ పెద్దది కావాలి, సౌండ్ చెక్ రెండింతలు పడుతుంది. మీ గంటన్నరకు అది బరువే.

సౌండ్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎక్కువ రిసెప్షన్లు చెడేది ఇక్కడే. మామూలుగా స్టేజీకి రెండు పక్కలా పెద్ద టాప్‌లు (మాట, పాట వినిపించే పై బాక్సులు), కింద బేస్ బాక్సులు పేర్చేసి వెళ్లిపోతారు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. 4 మీటర్ల దగ్గర సోఫాల్లో 95 ఉంటే 32 మీటర్ల దగ్గర భోజనాల వైపు 77కి దిగుతుంది. వెనకవాళ్లు వినపడట్లేదంటారు, ఆపరేటర్ పెంచుతాడు. ముందు సోఫాల్లో కూర్చున్న మీ తాతగారు, అమ్మమ్మగారు చెవులు మూసుకుని లేచి భోజనాలకు వెళ్లిపోతారు. పైగా పెంచిన శబ్దం ప్రహరీ దాటుతుంది. నివాస ప్రాంతానికి పగటి హద్దు 55 డెసిబెల్స్, ప్రైవేటు స్థలం అంచున దాని మీద ఇంకో 5 దాకానే.

దీనికి విరుగుడు చిన్న బాక్సులు ఎక్కువ పెట్టడం. స్టేజీ దగ్గర 12 అంగుళాల టాప్‌లు రెండు, అక్కడి నుంచి లాన్ పొడుగునా రెండు పక్కలా 40 అడుగులకొకటి చొప్పున చిన్నవి నాలుగు. అన్నీ స్టాండ్ల మీద ఏడెనిమిది అడుగుల ఎత్తులో, కాస్త కిందికి వంచి పెట్టాలి. తలల ఎత్తులో పెడితే ముందు వరుసవాళ్లే మాటల స్పష్టతనంతా మింగేస్తారు. వెనక బాక్సులకు డిలే ఇవ్వడం, అంటే వాటి శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చేలా పెట్టడం, మరిచిపోవద్దు. శబ్దం మీటరు దూరం పోవడానికి 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. 40 అడుగులకు 35, దాని మీద ఇంకో 10 కలిపి 45 పెట్టమనండి. 80 అడుగుల దగ్గర 80. డిలే లేకపోతే పాట రెండుసార్లు వినిపించినట్టుంటుంది, యాంకర్ మాటలైతే ఒక్క ముక్క అర్థం కాదు. ఈ లెక్క తడుముకోకుండా చెప్పగలిగినవాడికే పని ఇవ్వండి. బేస్ బాక్సులు రెండు చాలు, నేల మీద, స్టేజీ ప్లైవుడ్‌కి తగలకుండా. తగిలితే పలక అదురుతుంది, మైకుల్లోకి "గుం" ఎక్కుతుంది.

ఎంత సౌండ్ అన్నదానికి నా కొలత: సోఫాల దగ్గర 70-75 డెసిబెల్స్, భోజనాల దగ్గర 65. ఫోన్ యాప్ అంత కచ్చితం కాదు గానీ పోల్చుకోవడానికి పనికొస్తుంది. పక్క కుర్చీలో ఉన్న మనిషి చెవి దగ్గరికి వంగితే తప్ప మాట వినపడకపోతే ఎక్కువైనట్టే. ఏళ్ల తర్వాత కలిసిన చుట్టాలు మాట్లాడుకోవడానికి వస్తారు, వాళ్లకు ఆ వీలు మిగలాలి.

కరెంటు. సౌండ్‌కి 4 కిలోవాట్లు, ఎల్ఈడీ పార్ లైట్లు 20 ఉంటే 3, షార్పీలు (సన్నటి కిరణాలు తిప్పే లైట్లు) 8 ఉంటే 3కి కాస్త తక్కువ, 12 బై 8 అడుగుల ఎల్ఈడీ వాల్ తెల్ల బొమ్మ మీద 5 దాటుతుంది. మొత్తం 15 కిలోవాట్లు. దీనికి విడిగా 30 కేవీఏ సైలెంట్ జనరేటర్ అడగండి. వంటవాళ్ల లోడు, డెకరేషన్ సీరియల్ లైట్లు దీని మీద వేయనివ్వద్దు. సౌండ్ ఒక ఫేజ్ మీద, లైట్లు వేరే ఫేజ్ మీద ఉండాలి. మల్టీమీటర్ పెట్టి ఫేజ్-న్యూట్రల్ మధ్య 220-240, న్యూట్రల్-ఎర్త్ మధ్య 3 వోల్టుల లోపు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీ ముందే చూపించుకోండి. న్యూట్రల్ వదులైతే 230 రావాల్సిన చోట 400 దగ్గరదాకా వచ్చి మిక్సర్, ఆంప్లిఫయర్లు కాలిపోతాయి. బాక్సుల్లో హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తోందని ప్లగ్‌కి ఎర్త్ పిన్ను పీకేస్తుంటారు, ఒప్పుకోవద్దు. పాడేవాళ్ల పెదవికి మైకు తగిలి చురుక్కుమంటే దానికి అదే కారణం. హమ్ పోవడానికి డీఐ బాక్సులో (వాయిద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది, అది నొక్కాలి. ఇంకొకటి, కరెంటు పోయి జనరేటర్ అందుకునేది పది పదిహేను సెకన్లలోనే అయినా డిజిటల్ మిక్సర్ మళ్లీ లేవడానికి నిమిషం పడుతుంది. మిక్సర్‌కి, కార్డ్‌లెస్ రిసీవర్లకి, లాప్‌టాప్‌కి ఒక 1 కేవీఏ యూపీఎస్ పెట్టిస్తే ఆ నిశ్శబ్దం తప్పుతుంది.

బ్యాండ్‌కి 16 అడుగులు బై 12 అడుగుల ప్లాట్‌ఫాం, 2 అడుగుల ఎత్తు, వధూవరుల స్టేజీకి పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే బ్యాండ్ మానిటర్ల (తమ పాట తమకు వినపడేలా పెట్టుకునే బాక్సులు) సౌండ్ నేరుగా స్టేజీ మీద పడుతుంది. ఛానళ్లు లెక్కపెడితే గాయకులకు రెండు, కీబోర్డుకి రెండు, బేస్‌కి ఒకటి, ఆక్టోప్యాడ్‌కి రెండు, తబలాకి రెండు, ఢోలక్‌కి రెండు, ఫ్లూట్‌కి ఒకటి, యాంకర్‌కి, స్పేర్‌కి చెరొకటి, లాప్‌టాప్‌కి రెండు. 16 అయ్యాయి. 24 ఛానళ్ల మిక్సర్ అడగండి. సౌండ్ చెక్‌కి గంటన్నర కావాలి, అది సాయంత్రం 6:30కల్లా ముగియాలి. డెకరేషన్ వాళ్లు ఆరు దాకా పూలు గుచ్చుతూనే ఉంటారు కాబట్టి బ్యాండ్ ప్లాట్‌ఫాం మధ్యాహ్నం మూడింటికే వదిలేయమని వాళ్లకు ముందే చెప్పాలి.

నవంబరు కాబట్టి మంచు మాట. ఎనిమిది దాటితే మేడ్చల్ వైపు లాన్లలో తేమ దిగుతుంది. తబలా, ఢోలక్ చర్మం తేమ పీల్చి వదులవుతుంది, సాయంత్రం శ్రుతి చేసింది తొమ్మిదింటికి కిందికి జారుతుంది. పాట మధ్యలో తబలా ఆయన సుత్తితో తడుతూ కనిపిస్తే అదే కారణం. ప్లాట్‌ఫాం మీద, మిక్సర్ టేబుల్ మీద గుడ్డ కాదు, వాటర్‌ప్రూఫ్ కప్పు వేయించండి. అల్పపీడనం వానలొచ్చే నెల కూడా ఇదే.

కార్డ్‌లెస్ మైకులకు ఏడింటికి కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయమనండి, ఒక వైరు మైకు సిద్ధంగా ఉంచండి. పాటలు ఫోన్ బ్లూటూత్‌తో పెట్టనివ్వద్దు, కాల్ వస్తే లాన్ అంతా రింగ్‌టోన్ మోగుతుంది.

పాటల జాబితా మీరే ఇవ్వాలి. మాటలు కలుపుకుని పాటకు ఐదు నిమిషాలు వేసుకుంటే 90 నిమిషాలకు 18 పాటలు. 25 రాసిచ్చి ఏవి తప్పనిసరో గుర్తు పెట్టండి, పది రోజుల ముందు పంపండి. మొదటి అరగంట ఫ్లూట్, కీబోర్డు మీద వాయిద్యం మాత్రమే. ఆ తర్వాత పాత మెలోడీలు, తొమ్మిది దాటాక హుషారువి. మన ఊళ్లో సగం మంది ఆఫీసు స్నేహితులు హిందీ వింటారు, నాలుగైదు హిందీ, ఒక గజల్ కలపండి. వద్దన్న పాటల చిట్టా కూడా అంతే ముఖ్యం. ఫ్లూట్ మీద బాణీ తియ్యగా ఉందని విరహగీతాలు, చావు సన్నివేశంలో వచ్చే పాటలు వాయించేస్తారు. మాటలు లేకపోయినా పెద్దవాళ్లు మొదటి చరణంలోనే పట్టేస్తారు, పెళ్లివారి ముఖాలు మారిపోతాయి.

యాంకర్‌కి కుటుంబ సభ్యుల పేర్లు, వరసలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసివ్వండి. పేరు తప్పు పలికితే, మేనమామను బాబాయి అంటే అది ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఆటలు వద్దు, లైను ఆగిపోతుంది.

బరాత్‌కి నా ఓటు డప్పు లేదా మర్ఫాకే. సిద్దీలు, యెమెన్ అరబ్బుల ద్వారా నిజాం కాలంలో హైదరాబాద్‌కి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన వాయిద్యం మర్ఫా. ఇక్కడి ఏసీ గార్డ్స్, బార్కస్ పేటల పేర్లు చెబితే అదే గుర్తొస్తుంది. తీన్మార్ కొడితే కరెంటు, బండి ఏమీ లేకుండా మొత్తం కుటుంబం కదులుతుంది. 20-25 నిమిషాలు, 7:30 లోపు, లాన్ గేటు నుంచి స్టేజీ దాకా మాత్రమే. మెయిన్ రోడ్డెక్కితే విడిగా పోలీసు అనుమతి, ట్రాఫిక్ తలనొప్పి. డప్పులవాళ్లు వాయించే ముందు గడ్డి మంట మీద చర్మం కాచుకోవాలి, లేకపోతే డప్పు పలకదు. షామియానాకి దూరంగా చోటు చూపించి, వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి.

కాపీరైట్ లైసెన్సు కట్టమని ఎవరైనా వస్తే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్ఏ)లో పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో వినిపించే పాటలకు మినహాయింపు ఉంది. 2023 జులైలో కేంద్రం దీన్ని గుర్తు చేస్తూ బహిరంగ నోటీసు కూడా ఇచ్చింది. దాని ప్రింటు ఒకటి ఫైల్లో పెట్టుకోండి.

బ్యాండ్‌తో, సౌండ్ వాళ్లతో రాసుకోవాల్సినవి: ఎవరెవరు వస్తారు (పేర్లతో సహా, మారితే ముందే చెప్పాలి), ఎన్ని గంటలు, ఓవర్‌టైమ్ ఎంత, జనరేటర్ డీజిల్ ఎవరిది, రవాణా, భోజనాలు ఎన్ని, విప్పడం ఎప్పుడు. చివరిది చాలామంది రాయరు. మీకు మాత్రం అదే ముఖ్యం. తొమ్మిదీ ముప్పావుకి బ్యాండ్ ఆగగానే ట్రస్ (లైట్లు తగిలించే చట్రం) విప్పడం మొదలుపెడితే ఇనుప పైపుల చప్పుడు పదకొండున్నరకు హాల్లోకి వస్తుంది. తలంబ్రాలు అయ్యేదాకా బోల్టు ముట్టకూడదని రాయించండి. ఆ లోపు వైర్లు చుట్టుకోవచ్చు.

హాల్లో సన్నాయి మేళం సరిపోతుంది, డోలుకు మైకు అక్కర్లేదు. పురోహితుడికి ఒక కాలర్ మైకు, ఒకే బాక్సు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం పురోహితుడు చెయ్యెత్తి సైగ చేస్తారని, అప్పుడు గట్టిమేళం అందుకోవాలని మేళం పెద్దాయనతో ముందే మాట్లాడండి. ఆయన్ని మండపం కనిపించే చోటే కూర్చోబెట్టండి. ఫోటోగ్రాఫర్లు ఆయనకూ పురోహితుడికీ మధ్య అడ్డం నిలబడకుండా చూసే పని ఒకరికి అప్పగించండి.